కంచె పక్క వరస

నాకున్న పెరడు ఎంతని?
మేకను కడితే మేకే తిరగలేదు.
కోళ్లగూడూ బావీ ద్రాక్షపందిరీ పోను
కంచె వెంబడి ఒక్క వరస మిగిలింది,
అడుగుకొకటి చొప్పున పద్దెనిమిది మొక్కలు.

ఒక్క వరస వెయ్యొద్దనేది మా అత్త, బతికున్నప్పుడు.
"మొక్కజొన్న గుంపు మనిషి, ఎతేరీ,
ఒంటరిగా నిలబెట్టావో, పళ్లూడిన నోరే కాస్తుంది."
నిరుడు అలాగే కాసింది.
పొత్తు ఒలిస్తే బోసి చిగుళ్లు.
అక్కడో గింజ, ఇక్కడో గింజ.
ఘోమి వండటం అటుంచు, కోళ్లకే చాలలేదు.
జుగ్దిది సంతలో కొనుక్కొచ్చాను, తలొంచుకుని.

ఈ ఏడు నేనే గాలినయ్యాను.
మంచు ఆరగానే స్టూలెక్కి
పైన జల్లు వంచి కింద పీచు మీద దులిపాను.
ఒక్కో పీచుపోగుకి ఒక్కో గింజట.
ఎన్ని పోగులని దులపను? మోకాళ్లు ఒప్పుకోవద్దూ?
ఎంగురి మీంచి వచ్చే అసలు గాలి
నా పుప్పొడిలో సగం కంచె అవతలికి పట్టుకుపోయింది.

అవతల బోండో.
ఆరేళ్లయింది మాటల్లేక.
వాడి పంది నా చిక్కుడు పాదుల్లో పడింది,
నా పార దాని కాలి మీద పడింది.
ఆ పంది ఎప్పుడో పోయింది.
తగువు మాత్రం కుంటుకుంటూ బతికే ఉంది.

వాడూ ఒక్క వరసే వేశాడు ఈసారి,
కంచెకి ఆనించి, నాకు ఎదురుగా.
పసుపు రకం. పందులకి పెట్టేది.
మా వైపు ఘోమికి తెల్లదే.
పసుపు గింజ కనబడితే మా అత్త
పళ్లెం తోసేసి లేచిపోయేది.

సెప్టెంబరు చివర, వాన తెరిపిచ్చిన పూట
మెట్టు మీద కూచుని మొదటి పొత్తు ఒలిచాను.
తెలుపు, తెలుపు, తెలుపు,
మధ్యలో పసుపు.
ఇంకోటి. ఆ పక్కనే మూడు.
నలభై ఒకటి లెక్కపెట్టాను.
కోపం వచ్చింది, రాదా మరి!
విత్తనం చెడింది. మా అత్త విత్తనం,
పెళ్లినాడు సీసాలో పోసి తెచ్చుకున్నది.
వాడి నెత్తిన పడేలా విసురుదామని లేచాను.

చెయ్యెత్తాక కనబడింది,
ఎక్కడా ఖాళీ లేదు.
ఆ నలభై ఒక్కచోట్లా నిరుడు చిగుళ్లే.

మళ్లీ కూచున్నాను.
నేను పిలవలేదు. వాడు పంపలేదు.
ఈ పొత్తు ఎవరు కుదిర్చారో.

అవతల వాడూ ఒలుస్తున్నాడు.
డొప్ప చీలిన చప్పుడు, బుట్టలో పడిన చప్పుడు.
చీలడం, పడటం.
చీలడం, పడటం.
చీలింది.
పడలేదు.

పసుపులో తెలుపు కలిస్తే అంతగా తెలియదు,
ఎండకి వెలిసిన గుడ్డలా ఉంటుంది,
వెలుతురుకి పట్టి చూడాలి.
చూడనీ.
నేను దగ్గలేదు, కదల్లేదు.
ఎన్ని లెక్కపెడతాడో విందామని
ఒళ్లో పొత్తు పెట్టుకుని కూచున్నాను.