గంప జరిపిన జానెడు

గుణుపురంలో పాత బస్టాండు ఎదుట
మాణిక్యేశ్వరి బట్టల కొట్టు బోర్డు
రాసింది నేనే.
పైన ఒడియా, కింద తెలుగు,
రెండిటికీ మధ్య ఒక పచ్చ గీత.
ఒడియా అక్షరాలకి గొడుగులు పట్టాను.
తెలుగు వాటికి తలకట్లు దువ్వాను.
మూల మీద చిన్నగా "దాలినాయుడు ఆర్ట్స్" అని
కొట్టు పేరు కన్నా శ్రద్ధగా రాసుకున్నాను.

ఆ బోర్డు కింద, కుడి కొసన,
మంగళవారం సంతకి కొండ దిగివచ్చి
సొంబారి గొమాంగో చింతపండు అమ్ముతుంది.
ఒకనాడు తూకం రాయి చేతిలోనే ఉంచుకుని
"ఓ పేంటరు బాబూ,
ఆ ఆకరి అచ్చరం నా నెత్తి మీద పడిపోతాదేమో అనిపిస్తాది.
అందుకే గంప జరుపుకున్నాను" అంది.

చూశాను. గంప నిజంగానే
జానెడు పక్కకి ఉంది.

"నీకు చదవడం వచ్చా?" అన్నాను.
ఇరవై రెండేళ్ళ బ్రష్షు
నా చేత ఆ మాట అనిపించింది.
"సదవడం రాదు బాబూ. సూడ్డం వచ్చు."
అని, ఎవరికో అరకేజీ తూచింది.
గొంతులో కోపం కూడా లేదు.
అదే నాకు మరీ మండింది.

ఆ రాత్రి కూర ఉప్పగా ఉందని
గొడవ పెట్టుకున్నాను.
మా ఆవిడ గరిటె ఆపి
"ఎవరేటన్నారు?" అంది.
చెప్పలేదు.

తెల్లారగట్ల నాలుగింటికి,
టీ కొట్టు పొయ్యి ఇంకా వెలగకముందే,
పక్కింటి మేస్త్రీ తూకపుగుండు పట్టుకుని
నిచ్చెనెక్కి దారం వదిలాను.
గుండు ఊగింది, ఊగింది, ఆగింది.
దారం నిటారు.
నా "రి" కాదు.

వేలెడంత.
అంతే, వేలెడంతే.
కానీ దారానికి మొహమాటం తెలీదు.

సైకిలు మీద ఊరంతా తిరిగాను, జేబులో గుండుతో.
హోమియో డాక్టరు బోర్డు, ఎరువుల డిపో,
రాయగడ రోడ్డులో టైర్ల షాపు,
నా చేతి మీద వెలిసిన ప్రతి పేరూ
చివరి అక్షరం దగ్గర ఒరిగింది.
ఒక్క అక్షరమే కదా,
దానికోసం దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కడమెందుకని
ఒంటికాలి మీద చెయ్యి చాచి
లాగించేసిన అక్షరం.
ఇన్నేళ్ళ నా బద్ధకాన్ని
ఊరి నెత్తిన రంగుల్లో ఎక్కించి
కింద సంతకం కూడా పెట్టుకున్నాను.

ఎంతమంది చదివారు!
డబ్బులిచ్చారు, టీ ఇప్పించారు,
భుజం తట్టి "భారి భలొ" అన్నారు.
వాళ్ళ తప్పేం లేదు.
చదవడం వచ్చినవాడు పేరు దగ్గరికి పోతాడు,
అక్షరం దగ్గర ఆగడు.

మరుసటి సంతకి
క్షమాపణ లాంటిదేమీ నా నోట రాలేదు.
బేరమాడకుండా కేజీ చింతపండు కొన్నాను.
చిల్లర లెక్కపెట్టి ఇస్తూ
"ఆ ఎరుపు కూడా ఎక్కువైనాది బాబూ,
కళ్ళల్లో కారం కొట్టినట్టు" అంది.

ఈసారి మండలేదని చెప్పను.
కొంచెం మండింది.
వారమంతా ఆ ఎరుపు వెంట తిరిగాను.
మిట్టమధ్యాహ్నం చూశాను, వాన వెలిశాక చూశాను,
పర్లాకిమిడి బస్సు కిటికీలోంచి
కదిలిపోతూ చూశాను.
ఎరుపు ఉండాలి. ఉంచాను.
ఆ మాట ఆమెకే చెప్పాను.
"నీ ఇష్టం" అంది.
రంగు అదే, డబ్బా అదే.
మొదట ఊరికే పూసింది,
ఇప్పుడు తెలిసి ఉంచుకున్నది.

"రి" ని మాత్రం గీకేశాను.
పాత రంగు పెచ్చులుగా రాలి
చొక్కా మీద పడింది.
దిగాను.
నిచ్చెన జరిపాను.
ఎక్కాను.
మోకాళ్ళు గొణిగాయి, గొణగనిచ్చాను.

ఈ మంగళవారం గంప పాత చోటనే ఉంది.
ఆమె ఏమీ అనలేదు.
తల కొద్దిగా పక్కకి వంచి
ఎదుటి మందుల షాపు బోర్డు కేసి చూస్తోంది.
అదీ నేను రాసిందే.

ఇంటికెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాను.