జానా బెత్తెడు

రెండు పాత నక్షాల అంకెలు కలిపితే
మూడువందల పన్నెండు అడుగులు.
నా టేపు మూడువందల పదమూడంటోంది.
మూడుసార్లు కొలిచాను.
ఎక్కడినుంచో వచ్చి చేరిన ఆ జానా బెత్తెడు కోసం
డెట్రాయిట్ శివార్లలో, కెల్సో పార్క్ హైస్కూల్ నడవాలో
మోకాళ్ల మీద కూర్చున్నాను.

కూల్చాలా, ఉంచాలా?
వచ్చే మంగళవారం ఊరు ఓటేస్తుంది.
ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
బడి కట్టి చూడమని ఎందుకనలేదో.
పన్ను కట్టేవాడికి ప్రతి ఇటుకా
తన జేబులోంచి జారిపడినట్టే ఉంటుంది.

ముందు భాగం ఇరవయ్యారులో కట్టారు,
కార్ల డబ్బు ఇంకా కొత్త వాసన వేస్తున్న రోజుల్లో.
ముదురెరుపు ఇటుక. గుమ్మం పైన కాల్చిన మట్టితో గుడ్లగూబ,
ఒక చెవి ఏ చలికాలమో కొరికేసింది.
రెండు వాకిళ్లు, వాటిపై రాతిలో చెక్కిన మాటలు:
ఇటు బాలురు, అటు బాలికలు.
లోపలికెళితే రెండు దారులూ ఒకే మెట్ల దగ్గర కలుస్తాయి.
అంత రాయి చెక్కి వేరుచేసింది సరిగ్గా ఏడడుగులు.
ఏడడుగులు కలిసి నడిస్తే ఏమవుతుందో
ఆ కట్టినాయనకు తెలియదు పాపం.

యాభై ఎనిమిదిలో పిల్లలు పోటెత్తారు.
యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ల పిల్లలు.
తొందరగా ఒక రెక్క అతికించారు:
చదును కప్పు, గోడంతా అద్దాలే.
వానొచ్చిన రోజున ఇప్పటికీ
పిల్లలకన్నా ముందు బకెట్లు హాజరు పలుకుతాయి.
తర్వాత చమురు ధర పెరిగింది.
అద్దాలు తీసేసి సగానికిపైగా ఇటుక పేర్చారు.
అప్పటినుంచి ఆ గదులు
నిద్ర సరిపోని మనిషిలా చూస్తున్నాయి వీధికేసి.

తాళాల గుత్తి మోగించుకుంటూ ఓర్లాండ్ పిక్స్‌లీ వచ్చాడు.
ముప్పయ్యేళ్లుగా ఇక్కడ బాయిలరుకూ, పిల్లలకూ
ఇద్దరికీ వేడి తగ్గకుండా చూస్తున్నవాడు.
"అది గోడ కాదు, గోడలు," అన్నాడు.
కొత్తగా కట్టినవాళ్లు పాత గోడను నమ్మలేదట.
ఆనుకోకుండా, అడుగు ఎడంగా
తమ గోడ తాము లేపుకున్నారు.
మధ్యన చీకటిని అలాగే వదిలేశారు.

చివరి లాకరు, రెండువందల పన్నెండు.
మేకులూడదీసి ఇద్దరం ముందుకు లాగాం.
వెనక రేకు ఓ మూల వంగి ఉంది,
ఒక మడత కాగితం పట్టేంత.
లైటు వేసి చూస్తే
గోడకు చెవులుంటాయంటారే,
దీనికి ఏకంగా కడుపే ఉంది.
పెన్సిలు ముక్కలు, పళ్లకు పెట్టే తీగ, ఒంటి చేతితొడుగు,
వాటి కింద, మోకాలి లోతు,
ఇళ్లకు చేరని మార్కుల కాగితాలు.

చేతికందింది ఒకటి తీశాను.
అరవై మూడు అక్టోబరు. బీజగణితం.
వందకి ముప్పయ్యొకటి.
ఎర్ర సిరా ఇంకా కోపంగానే ఉంది.
తండ్రి సంతకం చేయాల్సిన గీత మీద ఎవరూ లేరు.
పేరు: రోసలిన్ వాండర్‌వీన్.

ఓర్లాండ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.
వారంవారం స్థానిక పత్రికలో ఉత్తరం రాసి,
మరమ్మతు ఖర్చును వడ్డీతో సహా పైసల దాకా లెక్కగట్టి,
ఈ కట్టడాన్ని నేలమట్టం చేయమంటున్న పెద్దావిడ.
లెక్క ఎప్పుడూ తప్పలేదు, అన్నాడు.
నేనూ సరిచూశాను. తప్పలేదు.

కాగితం ఏ మడత మీద మడిచి ఉందో
ఆ మడత మీదే మడిచి, ఉన్నచోటే వేశాను.
లాకరు వెనక్కి నెట్టి మేకులు బిగించాం.

గంట మోగింది. నడవా నిండిపోయింది.
వెన్నులో బడిబరువు మోస్తున్న ఒక కుర్రాడు
మమ్మల్ని తప్పుకోమన్నట్టు చూసి,
రెండువందల పన్నెండు తెరిచి,
మాకు వీపు పెట్టి నిలబడ్డాడు కాసేపు.
గోడ అవతల ఏదో తేలికైనది
రాసుకుంటూ కిందికి జారిన చప్పుడు.

నా ఫారంలో ఆ అడుగు ఎదుట రెండే గడులున్నాయి:
ఖాళీ, వాడుకలో ఉంది.
రెండోదానికి టిక్కు పెట్టి
టేపు చుట్టుకున్నాను.