ఇంకో మూడు నెలలు

సైకిల్ ఇచ్చెయ్యమని అడగడానికి వెళ్ళాను.
స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది,
హ్యాండిల్‌కి కట్టిన చీటీ మీద నంబరు.
ముందు చక్రం నానిన అట్టలా వంకరపోయింది.
"కేసు తేలేదాకా ఇవ్వకూడదమ్మా" అన్నాడు కుర్రాడు.
లెషెక్ దగ్గర ఈత నేర్చుకున్నవాడే.
తల ఎత్తలేదు.

జెనోన్‌ని కూడా అలాగే ఉంచారు, వోమ్జాలో.
వాడికీ ఒక నంబరు.
శిక్ష పడలేదింకా, నేరం రుజువూ కాలేదు.
మూడు నెలలు, మళ్ళీ మూడు నెలలు,
పాలలో నీళ్ళు పోసినట్టు
రోజుల్లో రోజులు కలుపుతున్నారు.

ఇరవై ఆరేళ్ళు మా వీధిలోనే పాల ట్యాంకర్ నడిపాడు.
తెల్లారి నాలుగున్నరకి వాడు గేరు మార్చే చప్పుడుకే
మా ఆయన లేచేవాడు, మేము అలారం కొనలేదు.
ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచాడు.
"ఇవాళ జెనోన్ ఆలస్యం" అన్నాడు, లేసులు కట్టుకుంటూ.
ఆలస్యమైనవాడు తిరుగుదారిలో తొందరపడతాడని
మా ఇద్దరికీ తోచలేదు.

ప్రాసిక్యూటర్ అన్నాడు: పారిపోవచ్చు.
ఎక్కడికి?
ఒక్కసారి సముద్రం చూపించమని పెళ్ళాం పోరితే
పాలు విరిగిపోతాయన్న మనిషి.
సాక్షుల్ని బెదిరించవచ్చు, అన్నాడు.
సాక్షులంటే పొగమంచు, నారెవ్ వంతెన,
స్తంభం మీద గూట్లో ఒక కొంగ.

అద్దం వెనక జెనోన్ చిక్కిపోయాడు.
బెల్టు తీసేసుకున్నారేమో,
ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు.
నాకు జాలి కలగలేదు, రాసిపెట్టుకోండి.
కడుపులో ఏదో కదిలింది. దానికి నేను పేరు పెట్టను.

మీరేమైనా చెబుతారా, అని జడ్జి అడిగింది.
వదిలేయండి, అన్నాను.
వెనక నా కొడుకు కుర్చీ కిర్రుమంది.
క్షమించానని కాదు.
అక్కడ వాడికి కనిపించేది గోడే.
బయటుంటే
రొట్టెకి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా
మా గేటు ముందునుంచే పోవాలి.
గేటుకి ఆనించి సైకిలు గాలి పంపు ఉంది.
ఆయన పెట్టినచోటే. నేను తియ్యలేదు.

గుమాస్తా ఏదో రాసుకుంది, ఎంత రాసుకుందో.
ఇంకో మూడు నెలలు.

ఇప్పుడు ట్యాంకర్‌కి కొత్త డ్రైవరు. చిన్నవాడు.
మా ఇల్లు రాగానే నెమ్మది చేస్తాడు,
గేరు చప్పుడు కానివ్వడు, పాపం.
నాలుగున్నరకి
నేను ఎలాగూ లేచే ఉంటాను.