కింద నిలబడేవాడు

ముందు గొలుసు సాన పట్టాలి.
వ్యాన్ వెనక మెట్టు మీద రంపం బిగించి
గుండ్రటి ఆకురాయితో పంటికి మూడు తోపులు,
ముందుకే. వెనక్కి ఈడిస్తే ఆకురాయి చెడుతుంది.
ఈ మాట చెప్పినాయన ఎడమచేతికి మూడే వేళ్లు,
అందుకే విన్నాను.

పొట్టు ముతగ్గా రాలితే పదునున్నట్టు.
పిండిలా రాలితే నువ్వు బద్ధకించినట్టు.

ఇరవై రెండేళ్లు నేనే ఎక్కాను.
భుజం అరిగాక కింద నిలబడుతున్నాను.
ఇప్పుడు ఎక్కేది హెలెద్.
నడుముకి రంపం, చెవులకి డిప్పలు,
జేబులో ఎప్పుడూ సగం కొరికిన ఓట్స్ బిళ్ల.
పైనున్నవాళ్లకి గాలి, కొండలు, గొర్రెల చుక్కలు.
కిందవాడికి మెడనొప్పి,
కాలర్‌లోంచి వీపులోకి జారే పొట్టు,
దారెందుకు మూశారని హారన్ కొట్టే పాలలారీ.

ఈ వారం మిసెస్ ప్రోబర్ట్ గారి సందులో యాష్ చెట్టు.
వేల్స్‌లో ఈ లోయంతా అదే రోగం,
కొసల నుంచి ఎండుతూ దిగుతుంది.
పైన ఆకు లేదు,
మాను పొడవునా కంగారు చిగుళ్లు.
గబ్బిలాలున్నాయేమోనని తొర్రలో టార్చి వేసి చూశాం.
ఒక్క గుడ్లగూబ ఈక, పాతది.
సుత్తితో కొట్టి చెవి ఆనించాను.
గట్టి మాను ఠంగుమంటుంది.
ఇది అట్టపెట్టెలా పలికింది.
చచ్చేదాన్ని నమ్మి తాడు కట్టకూడదు,
పక్కనున్న ఓక్ చెట్టుకి కట్టాం.

కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడని
మూర్ఖుణ్ణి వెక్కిరిస్తారు గానీ
మాకు అదే పూటకూడు.
ఏ పక్కన కూర్చోవాలో తెలియడమే విద్య.

పదిన్నరకి, ఆమె ఇంకా రంపం ఆనించనేలేదు,
కొమ్మే తెగింది.
పెంకు విరిగిన చప్పుడు, అంతే.

నా చేతిలో ఉన్నది కొమ్మలు దించే తాడు,
ఆమెది కాదు.
ఆమెను పట్టుకోవడానికి నా దగ్గర
గొంతు తప్ప ఏమీ లేదు. అదీ రాలేదు.
లోలకంలా ఊగి, ఓక్ మాను మీద బూటు ఆనించి
ఆగింది.
కాసేపు నాచు తునకలే దిగాయి.

తర్వాత పైనుంచి:
"ఇద్వాల్, చేతిరంపం పంపు."
పంపాను.
ముడి రెండుసార్లు వేయాల్సొచ్చింది.

టీ తాగేటప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.
నీకు చక్కెర ఎన్ని చెంచాలు అని అడిగింది,
ఏడేళ్లుగా తానే కలుపుతున్న మనిషి.

మధ్యాహ్నం, కింద పడేసిన పెద్ద కొమ్మని
నేను ముక్కలు కోస్తుంటే
లోపల్నించి నిప్పురవ్వలు.
కీచుమంది. ఆపేశాను.
చెక్క నడుమ ఇనుప గొలుసు, నాలుగు లంకెలు,
చుట్టూ సిరా ఒలికినట్టు నల్లనీలం మరక.
చెట్టు ఎప్పుడో దాన్ని మింగి
పెదవులు మూసుకుంది.

మిసెస్ ప్రోబర్ట్ ఇంట్లో చెప్పులతోనే వానలోకి వచ్చారు.
"మా హ్యూ ఉయ్యాల," అన్నారు.
"రెండో గొలుసు ఊడదీశాం. ఇది రాలేదు."
హ్యూ ఎవరని నేనడగలేదు.
ఆ ముక్కని తోపుడు బండిలో పెట్టి
వంటింటి గుమ్మం దాకా తోశాను.
అంత బరువు ఎక్కడ పెట్టుకుంటారో ఏమో.

మిగతా కొమ్మల్ని చిప్పర్ నమిలేసింది.
దారి ఊడ్చాం.
పాలలారీ వెళ్లింది, డ్రైవర్ ఈసారి చెయ్యెత్తాడు.
బిల్లు రాశాను: చెట్టు ఒకటి, మనుషులు ఇద్దరు, రోజు ఒకటి.
గొలుసు పాడైందని కింద రాసి
కొట్టేశాను.

చీకటి పడేలోపు, అదే మెట్టు మీద, మళ్లీ ఆకురాయి.
పదకొండు పళ్లు మొండివి.
పంటికి మూడు చాలలేదు, తొమ్మిది పట్టాయి.
హెలెద్ ఫోన్ లైటు పట్టుకుంది.
ఆ వెలుగు గొలుసు మీద కొద్దిగా వణికింది.
చలి అనే అనుకున్నాం
ఇద్దరం.