పచ్చ బ్రష్షు ముక్క

మే నెల రెండో వారం.
గుణుపురంలో ఇంజినీరింగు హాస్టళ్ళు ఖాళీ అయ్యే రోజులు.
పరుపులు, బకెట్లు, కూలర్లు
గేటు బయట ఆటోల్లోకి ఎక్కుతుంటాయి.
ఎక్కనిది ఒకటుంటుంది ఎప్పుడూ:
మొదటేడు మోజుపడి కొని
రెండు నెలలు వేళ్ళు కోసుకుని
మంచం కిందకి తోసేసిన గిటారు.
నేను దానికోసం నిలబడతాను.

బేరం ఒడియాలో, లెక్క తెలుగులో.
"కెతే నెబ?" అంటాను పైకి.
లోపల మాత్రం, నాలుగొందలు,
మరీ కాదంటే నాలుగొందలేభై,
అంతకి దాటకు కూర్మారావూ అని.

పనసకాయని తట్టినట్టు వెనక చెక్క తడతాను,
ముగ్గిందా అని కాదు, అతుకు ఊడిందా అని.
మెడ వంగిందంటాను.
చెవి ఒకటి విరిగిందంటాను.
వానల చెమ్మకి బ్రిడ్జి లేచిపోయిందంటాను.
అన్నీ నిజాలే.
అబద్ధం ఒక్కటే,
"ఇంక ఇది బాగుపడదు బాబూ."

రైలు గేటు దాటాక నా రేకుల కొట్టు.
మా అయ్య ఇక్కడే మంచాలకి కోళ్ళు చెక్కేవాడు.
ఆ ఉలే, ఆ గరుకు కాయితమే.
ఫెవికాల్ రాసి, పాత సైకిలు ట్యూబు బిగించి చుట్టి
రెండు రాత్రులు కదపను,
బాలింత నడుముకి గుడ్డ కట్టినట్టు.
వదులైన మరల కన్నాల్లో అగ్గిపుల్లలు.
మెడలో ఇనప చువ్వకి
బైకు మెకానిక్కు దగ్గర అరువు తెచ్చిన ఆరు మూలల తాళం.
పావు తిప్పు. ఆగు. ఒంటి కంటితో చూడు.
ఎక్కువ తిప్పావో
నాలుగొందలూ వంశధారలో కలిసినట్టే.

నాకు పాట రాదు.
తీగలెక్కించాక ఎలియాజర్ వస్తాడు,
కొండమీది సవర గూడెం నుంచి,
ఆదివారాలు చర్చిలో వాయించే గుంటడు.
ఒక్కో తీగా మీటి, తల వాల్చి విని
"ఇది ఏడుస్తంది మావా" అంటాడు.
ఏడ్చేదాన్ని మళ్ళీ విప్పుతాను.
అతని కూలి ఒక టీ, రెండు బజ్జీలు,
నేను పారెయ్యబోయే తీగల చుట్ట.

నాలుగేళ్ళ కిందట ఒకదానికి
మెడ చివర తీగలు ఆనే ఎముక పోయింది.
రాయగడ ఎల్తే దొరికేది. ఎల్లలేదు.
మా అమ్మాయి పాత పళ్ళ బ్రష్షు, పచ్చది,
పిడి కోసి, అరగదీసి, ఆరు గాట్లు పెట్టి
దించేశాను.
పదమూడొందలకి అమ్మాను పర్లాకిమిడి కుర్రాడికి.
వాడడగలేదు. నేను చెప్పలేదు.

మొన్న మేలో
అదే గేటు, ఇంకో గుంటడు.
నల్ల సంచి జిప్పు లాగితే
పచ్చ ముక్క.

సీనియరు దగ్గర కొన్నాడట.
ఆ సీనియరు ఇంకో సీనియరు దగ్గర.

బేరం మొదలెట్టాలి కదా.
మెడ సూటిగా ఉంది, నేను తిప్పిన పావు తిప్పే.
బ్రిడ్జి కదల్లేదు, నా సైకిలు ట్యూబే.
తప్పు పట్టడానికి ఏటీ దొరక్క
ఆ పచ్చ ముక్క మీదే వేలు పెట్టాను:
"ఎవడో దొంగ పనోడు.
ఎముకుండాల్సిన చోట ప్లాస్టిక్కు దోపాడు."

ఆ పని తనే చేసినట్టు
గుంటడు తల దించుకున్నాడు.
"అయినా బాగా పలుకుతుంది భాయినా" అని
మెట్టు మీద కూచుని ఏదో వాయించాడు.
ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాసున్నాయి.
ఇతను నేర్చుకున్నాడు.
మంచం కిందకి తొయ్యలేదు దీన్ని.
మెస్సు బాకీ ఏడొందలట,
కట్టందే సర్టిఫికెట్లు ఇవ్వరట.

ఆరొందలేభై ఇచ్చాను.
ఆ ఏభై ఎందుకు తగ్గించానో
దారంతా తెలీలేదు. అలవాటు.

రాయగడ ఎల్లి అసలైన ఎముక తెచ్చాను,
అరవై రూపాయలు. సొరుగులో ఉంది.
ఎలియాజర్ మీటి చూసి
"ఏడవట్లేదు కదా, ఎందుకు పీకడం" అన్నాడు.

ఆగస్టులో కొత్త గుంటలొస్తారు.
ధర పదకొండొందలు అనుకున్నాను.
ఈ పచ్చదేటని ఎవరైనా అడిగితే
ఈసారి చెప్పేస్తాను.
అడగాలి మరి.