మూడో గాటు

పొద్దున్నే బండెక్కగానే అద్దం అడుగుతుంది,
ఒప్పుకుంటున్నావా అని.
దేనికో తెలీదు. నలభై వరుసల చిన్నక్షరాలు.
ఒప్పుకున్నాను అంటాను.
చలికి వణికేవాళ్లు దేనికైనా ఒప్పుకుంటారు.

పియానోలకి శ్రుతి చెయ్యడం నా పని.
బ్రోనోయ్‌సుండ్ నించి బూదో దాకా ఈ తీరం వెంట
బడుల్లోవి, చర్చిల్లోవి,
ఎవరూ వాయించకపోయినా అమ్మడానికి మనసొప్పనివి,
మొత్తం నూట పన్నెండు.

పాత బండిలో వేడిమీట ఒకటుండేది,
నల్లగా, గుండ్రంగా, అంచు చుట్టూ గాట్లతో.
మూడో గాటు దగ్గర ఆపితే ముందద్దం మీది మంచు కరిగేది.
కళ్లు రోడ్డు మీదే. వేళ్లు వాటి దారిన అవి పోయేవి,
చీకట్లోనూ ముద్ద నోటికి దారి తప్పనట్టు.

కొత్తదాంట్లో మీటల్లేవు.
ఒకటే గాజుపలక, స్నానాలగది కిటికీ అంత.
వేడి కావాలంటే ముందు ఫ్యాను బొమ్మ,
దాన్ని నొక్కితే మనిషి బొమ్మ,
ఆ మనిషి వెనక ఇంకో తలుపు.
చేతితొడుగుతో ముడితే నేనెవరో తెలీదంటుంది.
తొడుగు పళ్లతో లాగేసి
మొద్దుబారిన వేలితో పొడిస్తే
రేడియోలో కాడ్ చేప ధరలు మొదలవుతాయి.

అంతలో టింగుమంటుంది:
నీ చూపు రోడ్డు మీద లేదు.
ఎక్కడుందనుకున్నావే, నీ మొహం మీదే కదా!

ఆ టింగుకి శ్రుతి లేదు.
తెల్లమెట్టుకీ నల్లమెట్టుకీ నడుమ సందులో
ఇరుక్కున్న కూత అది.
సీటుబెల్టు కూత దానికి వెంట్రుకవాసి కింద.
రెండూ కలిసి మోగితే గాలిలో ఒక వణుకు,
సెకనుకి నాలుగుసార్లు.
ఒక్క మర కాస్త బిగిస్తే పోయేదే.
బిగించడానికి మర ఏది?

పక్క సీట్లో నా పనిముట్ల పెట్టె, పదకొండు కిలోలు.
దాన్ని మనిషనుకుని బెల్టు పెట్టమంటుంది.
పెట్టాను.
ఫెర్రీలో టికెట్లు చూసే కుర్రాడు యోస్టైన్ లోపలికి తొంగిచూసి
మీ ఆయన ఒంట్లో ఎలా ఉంది, బొత్తిగా మాట్లాడ్డేం, అన్నాడు.

మెకానిక్ స్టైనార్ దగ్గరికెళ్తే
ఇవన్నీ ఆపెయ్యొచ్చు అన్నాడు, అయిదు తెరల లోపల.
ఇంజను ఆపి మళ్లీ తిప్పితే మాత్రం కథ మొదటికే.
నీ మంచికేలే అన్నాడు,
నిండా మీటలున్న తన పాత ట్రక్కుకి ఆనుకుని.

నా బండిని తుక్కుకి తోలింది అతనే.
తోలేముందు ఆ వేడిమీట పీకి దాచుకున్నాను.
కోటు జేబులో ఉంటుంది. అద్దం మసకేస్తే
వేళ్లు ఇంకా అటే పోతాయి.

భద్రత అక్కర్లేదని కాదు.
ఎడమ కనుబొమ మీద ఈ గీత చూడండి,
ఓ మందర తీగ తెగి కొట్టింది.
ముందుగా ఒక్క మాట చెప్పలేదు పియానో.
కాదు, చెప్పింది.
బిగిస్తున్నప్పుడు తాళంలోంచి మణికట్టుకి
సన్నగా కిరకిర పాకింది.
నేనే వినలేదు.

నవంబరులో ఒక రాత్రి, సొరంగం దాటగానే,
బండి తనంతట తనే
మోకాళ్ల మీద కూలబడ్డట్టు ఆగిపోయింది.
లైట్ల వెలుగులో నీటికుక్క,
ఒళ్లంతా తడి, నోట్లో చేప.
బాకీ ఎగ్గొట్టినదాన్ని చూసినట్టు నన్ను చూసి
తీరిగ్గా అటువైపు దిగిపోయింది.
నేను చూడలేదు దాన్ని. అబద్ధమెందుకు.

బతికించావే అన్నాను గాజుపలకతో, పైకే.
అది కాఫీకప్పు బొమ్మ చూపించి
టింగుమని,
అలసిపోయావు, కాసేపు ఆగు, అంది.

ఆగే ఉన్నాను.