నిదానంగా దించు

నా నోటికి పోర్టులో పనిలేదు.
క్రేను కేబిన్లో కూర్చున్న కనకారావుకి
కింద నేనెంత మొత్తుకున్నా వినబడదు.
ఇంజను హోరు, సముద్రపు గాలి, బొగ్గు దుమ్ము.
అందుకే పదకొండేళ్లుగా చేతుల్తోనే బతుకుతున్నాను.
బొటనవేలు పైకి లేపితే, ఎత్తు.
పిడికిలి బిగిస్తే, ఆగు, అక్కడే ఆగు.
అరచెయ్యి బోర్లించి
గాలిని నిమిరినట్టు కిందికంటే,
నిదానంగా దించు, కింద మనిషున్నాడు.

సుభిక్షకి ఏడో నెల వచ్చేసరికి
రత్నమాల ఫోన్లో ఎక్కడో చూసి మొదలెట్టింది.
పిడికిలి మూసి తెరిస్తే పాలు.
రెండు చేతుల వేళ్ల కొసలు కలిపితే ఇంకొంచెం.
మణికట్లు తిప్పితే అయిపోయింది.
రెండు నెలలు గోడకి చెప్పుకున్నట్టే ఉంది.
డాల్ఫిన్ నోస్ మీది దీపాన్ని చూసినట్టు
మా చేతుల్ని చూసేది.
వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

మేడమీద బట్టలు తీయడానికొచ్చిన బంగారమ్మత్త
గుమ్మంలోనే ఆగిపోయింది.
"ఏటర్రా ఇది? సుబ్బరంగా నోరున్న గుంటకి
మూగసైగలు నేర్పుతారేటి? ఇంక మాటొచ్చినట్టే!"
రత్నమాల జవాబు చెప్పలేదు.
ఆ రాత్రి నేనూ సరిగ్గా నిద్రపోలేదు.

తొమ్మిదో నెలలో ఓ మంగళవారం
అరటిపండు గుజ్జు అంటిన వేళ్లు
ఒకదాన్నొకటి వెతుక్కుని, తప్పిపోయి,
మళ్లీ వెతుక్కుని, కలిశాయి.
ఇంకొంచెం.
రత్నమాల చేతిలో చెంచా జారిపోయింది.
ఇంకో పండు ఒలిచాను. అడిగింది. ఇంకోటి.
ఆ రాత్రి పక్కబట్టలు మూడుసార్లు మార్చాం.

తర్వాత ఇంటినిండా చేతులే.
కాకికొకటి, ఫ్యానుకొకటి.
అత్త గంటసేపు మాట్లాడితే
మణికట్లు తిప్పి చూపించింది.
అర్థం అత్తకి మేం చెప్పలేదు.

నేను మాత్రం ఏమీ నేర్పలేదనుకున్నాను.
నైట్ షిఫ్టు దిగొచ్చిన ఓ తెల్లవారుజామున
భుజంమీద నిద్రపోయిన పిల్లని
ఉయ్యాల్లో వేద్దామని వంగాను.
కళ్లు తెరిచింది. ఏడవలేదు.
అరచెయ్యి బోర్లించి గాలిని నిమిరింది.
ఎప్పుడు చూసిందో.
రోజూ వాళ్లమ్మ దాన్ని పడుకోబెడుతుంటే
పక్కన నా చెయ్యి నాకు తెలీకుండా
డ్యూటీ చేస్తూనే ఉందేమో.
ఎనిమిది కిలోలు.
ఇరవై టన్నుల ఉక్కు చుట్టలకి వణకని మోచెయ్యి.

ఇంకొకటుంది. అది మేమెవరం నేర్పలేదు.
ఓడ కూత పెడితే మల్కాపురంలో
చెవులకన్నా ముందు రొమ్ముకి తెలుస్తుంది.
ఆ కూతకి పిల్ల అరచెయ్యి
రొమ్ముమీద ఆనించుకునేది.
సరే, ఓడ అంటోంది అనుకున్నాం.
మరి నేను డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే
ఎందుకు పెట్టుకుంది?
కరెంటు పోయినప్పుడు?
రేకులమీద తొలి చినుకులు పడ్డప్పుడు?
ఒకసారి, నిద్రపోతున్న వాళ్లమ్మని చూస్తూ
చాలాసేపు.
భయమా, ఇష్టమా, పెద్దదేదో వస్తోందనా, వెళ్లిపోతోందనా.
నాకు తెలిసిన సైగల్లో దానికి జత దొరకలేదు.

ఏడాదిన్నరకి మాటలొచ్చాయి.
పాలు. కాకి. వద్దు. వద్దు. వద్దు.
"నేను సూరమ్మకి మొక్కబట్టే" అని అత్త దిష్టి తీసింది.
సరుకు దింపేసిన ఓడలు రేవు విడిచినట్టు
సైగలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.
ఏది ఏ రోజు వెళ్లిందో రాసుకోలేదు.

ఇప్పుడు మూడేళ్లు నిండాయి.
నిన్న సింధియా దగ్గర బండి ఆపి
పుల్ల ఐసు కొనిపెట్టాను. ఓడ కూసింది.
అరచెయ్యి రొమ్ముకి ఆనించుకున్నది నేను.
"ఇదంటే ఏంటమ్మా? చిన్నప్పుడు నువ్వే చెప్పేదానివి."
నా చేతికేసి చూసింది.
ఐసు మోచేతిదాకా కారుతుంటే ఆలోచించింది.
తర్వాత ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది,
"ఏమో నాన్నా, నాకు తెలీదు."